ఖాళీ సంచి

అనంతపురం పెద్దాసుపత్రిలో
షమీమ్ డాక్టరమ్మ చీటీ మీద మూడు మాత్రలు రాసి
నాలుగోదిగా "నడక, అరగంట" అని రాసింది.
మందుల అంగడోడు చీటీ తిప్పి తిప్పి చూసి
"ఇదొక్కటి మా దగ్గర ల్యా పెద్దాయనా" అన్నాడు.

నలభై రెండేండ్లు
మగ్గం గుంతలో కూచొని తొక్కినోణ్ణి.
ఒక్కో చీరకు ఎన్ని తొక్కుళ్లో లెక్కగట్టి
రోడ్డుగా పరిస్తే
ఉరవకొండ నుంచి బెంగుళూరు దాకా పోవచ్చు,
నా చీరలు పోయినట్టే, తిరిగి రాకుండా.
"నడకేందమ్మా, నా కాళ్లు ఏనాడు ఊరకున్నాయి?" అన్నా.
ఆమె తలెత్తలేదు.
"గుంతలోంచి బయటికొచ్చి నడువు" అంది.

మా వీధిలో నడిచే ప్రతి కాలికీ ఒక పనుంటుంది:
కండెలకో, జరీకో, షావుకారు దగ్గరికో, నీళ్లకో.
పనిలేకుండా నడిచేవాడు
అయితే పిచ్చోడు, లేకుంటే అప్పులోడు.
మొదటి రోజే అరుగు మీది నుంచి ఓబులమ్మత్త
"యాడికి పోతాండావు నాయనా?"
మలుపులో ఇంకొకరు. బోరింగు దగ్గర ముగ్గురు.
జబ్బని చెప్తే జాలి, నడకని చెప్తే నవ్వు.
మర్నాడు చేతిలో ఒక సంచి పట్టుకున్నా.
"అంగడికి" అన్నా.
సంచి పట్టుకున్నోణ్ణి ఎవరూ రెండో మాట అడగరు.

అట్లా పద్దెనిమిది దినాలు
ఖాళీ సంచి కణేకల్లు రోడ్డంతా తిరిగింది.
ఒకసారి నిజంగానే టమోటాలు తెచ్చినా,
అబద్ధానికి కొంచెం బరువుండాలని.

టీ అంగడి కుళ్లాయప్పకు గుండెలో స్టెంటు.
"మాత్ర మింగితే అదే నడుస్తాది లోపల,
నేనెందుకు నడవాల?" అంటాడు,
నాకు చక్కెర లేని టీ ఇచ్చి
తాను రెండు చెంచాలు ఏసుకుంటా.
రవికెలు కుట్టే మస్తానమ్మకు ఉబ్బసం.
ఆ పిల్ల తెల్లారకముందే, వీధి లైట్లు ఆరకముందే
పోయొస్తుంది.
"అందరి ముందర ఆయాసపడాలంటే సిగ్గు మామా" అంది.
మా చౌడమ్మది వేరే లెక్క:
"ఇల్లూ వాకిలీ, నీళ్ల బిందెలు, కండెలు చుట్టేది,
ఇంతకంటే నడకుంటే చెప్పు."
రెండు మోకాళ్లూ పట్టుకొని లేస్తా అంటుంది ఈ మాట.
ఆమెకు ఏ డాక్టరూ చీటీ రాయలేదు,
ఆమెను తీస్కపోయినోళ్లు ఎవరు గనక.

ఒక పొద్దున,
పడగ విప్పిన కొండ మీదికి ఎండ ఇంకా ఎక్కలేదు,
వెనక నుంచి కుళ్లాయప్ప కేక:
"ఓ మామా, నీ చెప్పు!"
చూసుకుంటే కుడికాలు ఒట్టిది.
ఎక్కడ జారిందో, ఎన్ని అడుగుల కిందట జారిందో
కాలు నాకు చెప్పలేదు.
మడమలో గాజుపెంకు. చుట్టూ ఎర్రంచు.
నొప్పి లేదు. భయమంతా అదే.

చీకట్లో జరీ పోగు తెగినా
వేలికొనకు తెలిసేది నాకు.
ఎడమ పలకా కుడి పలకా అని
ఏనాడూ గుంతలోకి వంగి చూడలేదు.
ఇప్పుడు నేల ఉందని
కండ్లు చూసి కాలికి చెప్పాల.

కుళ్లాయప్ప గసపోసుకుంటా నిలబడినాడు,
చెప్పు చేతిలో పట్టుకొని.
టీ అంగడి నుంచి నా దాకా ఎంత దూరం!
"నువ్వూ నడిచినావే" అన్నా.
"నడిచిందెక్కడ, ఉరికినా. నీ వల్ల సస్తాంటి" అన్నాడు.
అక్కడే బండ మీద కూచోబెట్టి, గాజు తీసి,
భుజం మీది తువ్వాలు చించి కట్టినాడు.

ఇప్పుడు వెనక పట్టీ ఉండే చెప్పులు.
ఇంటికొచ్చి కాళ్లు కడిగినాక
చౌడమ్మ నా అరికాళ్లు వెలుతురుకు తిప్పి చూస్తుంది
అంగుళం అంగుళం,
మగ్గం దించిన చీరలో తప్పు వెతికినట్టు.
సోమవారం ఆమెను కూడా బస్సెక్కించాల.

సంచి మాత్రం వదల్లేదు.
దాంట్లో కొంచెం దూది, రెండు చాక్లెట్లు,
చక్కెర పడిపోతే నోట్లో వేసుకోను.
మొన్న ఓబులమ్మత్త మళ్లా అడిగింది యాడికని.
"నడకకు" అన్నా.
కొంచెంసేపు నన్నూ సంచినీ చూసి,
"వచ్చేటప్పుడు కొత్తిమీర తే" అంది.